బిడ్డ పేరున స్కాలర్‌షిప్పు: గోల్డ్ మెడలా, పరీక్ష ఫీజా?

ప్రశ్న: మేడం గారూ, మాది నల్లగొండ జిల్లా. నేను ఆర్టీసీలో కండక్టర్ని, వచ్చే ఏడాది రిటైరవుతున్నా. మా బిడ్డ ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతుండగా పోయిన సెప్టెంబరులో డెంగీ జ్వరమొచ్చి వారం తిరక్కుండా చనిపోయింది. ఇరవై ఏళ్ళు. తన సుకన్య ఖాతా మూసేస్తే వచ్చినవీ, పెళ్ళికని వేసిన చీటీ డబ్బులూ కలిపి ఎనిమిది లక్షలున్నాయి. ఆ పైసలు ఇంట్లో వాడుకోవడానికి చెయ్యి రావడం లేదు. బిడ్డ పేరు మీద ఏటా స్కాలర్‌షిప్పు ఇద్దామనుకుంటున్నా. కాలేజీలో అడిగితే ఫస్టొచ్చిన అమ్మాయికి గోల్డ్ మెడల్ పెట్టించమన్నారు. అమెరికాలో ఉన్న మా బామ్మర్ది, ట్రస్టు పెడితే ఫ్రెండ్స్ దగ్గర డాలర్లు జమచేసి పంపిస్తా అంటున్నాడు. వాడికి అక్కడి సిటిజన్‌షిప్ వచ్చింది. మా అన్నదమ్ములేమో మన కులం పిల్లలకే ఇవ్వాలంటున్నారు. మా ఇంటామె మాత్రం గుడిలో అన్నదానం చేద్దాం, స్టేజీల మీద దాని పేరు చదివితే నేను వినలేను అంటోంది. కొడుకు ఇంటర్ సెకండియర్. ఇంకో మాట. బిడ్డ పోయాక దాని క్లాసు పిల్లలు ఇంటికొచ్చి చెప్పారు, ఇద్దరికి పరీక్ష ఫీజు తనే కట్టిందని. మాకెప్పుడూ చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?
ఒక తండ్రి

జవాబు:

అన్నా,

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. గోల్డ్ మెడల్ వద్దు. ట్రస్టు ఇప్పుడే వద్దు. ఎనిమిది లక్షలూ దీనికే పెట్టొద్దు. మీ అమ్మాయి ఏ పని చేసిందో ఆ పనే ఆ కాలేజీలో కొన్నేళ్ళు ఆగకుండా జరిగేట్టు చూడండి. అంటే పరీక్ష ఫీజు కట్టలేని ఆడపిల్లలకు ఫీజు కట్టండి.

ఓదార్పు మాటలు నేను రాయను. అవి మీ ఊరివాళ్ళూ మీ డిపోవాళ్ళూ చెప్పే ఉంటారు, కొన్ని పనికొచ్చి ఉంటాయి, కొన్ని చిరాకు తెప్పించి ఉంటాయి. మీరు అడిగింది డబ్బు సంగతి. చాలా ఏళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి, స్కాలర్‌షిప్ కమిటీల్లో కూచున్నదాన్ని కాబట్టి ఆ మాటే మాట్లాడతాను.

మెడల్ పెట్టించమన్న కాలేజీవాళ్ళను తప్పుపట్టను. వాళ్ళకు అలవాటైన పద్ధతి అది. మీరు కొంత మొత్తం కాలేజీకో యూనివర్సిటీకో ఇస్తారు, వాళ్ళు దాన్ని బ్యాంకులో వేస్తారు, ఏటా వచ్చే వడ్డీతో మెడలో నగదు బహుమతో ఇస్తారు. దీన్నే ఎండోమెంట్ అంటారు. ఉస్మానియాలోనైనా ఆంధ్రా యూనివర్సిటీలోనైనా స్నాతకోత్సవం రోజు చదివే బంగారు పతకాల పేర్లు చాలావరకు ఇలా ఎవరో ఒకరి జ్ఞాపకార్థం ఇంటివాళ్ళో శిష్యులో పెట్టించినవే. గౌరవమైన ఏర్పాటే. కానీ అసలు పెరగదు, ధరలు పెరుగుతాయి. ఒకప్పుడు వెయ్యి రూపాయలంటే పెద్ద డబ్బు. అప్పుడు వెయ్యి కట్టి పెట్టించిన బహుమతికి ఇవాళ్టి వడ్డీ లెక్కన వచ్చేది అరవై డెబ్బై రూపాయలు. దాంతో నోట్‌బుక్కు కూడా మంచిది రాదు. పేరు మాత్రం ఏటా చదువుతారు.

అంతకంటే నాకు అభ్యంతరం ఇంకొకటుంది. క్లాసులో ఫస్టొచ్చిన అమ్మాయి ఎలాగూ అందరి కంట్లో పడుతుంది. లెక్చరర్లు పేరుపెట్టి పిలుస్తారు, పీజీ ఎంట్రన్స్‌కు ఏం చదవాలో చెబుతారు, పేపర్లో ఫోటో వస్తుంది. నలభై ఎనిమిదో యాభై రెండో శాతంతో గట్టెక్కుతూ, పొద్దున పొలం పని చేసొచ్చి మూడో బెంచీలో కునికిపాట్లు పడే పిల్లను ఎవరూ చూడరు. మీ అమ్మాయి ఫీజు కట్టింది ఎవరికి? టాపర్లకయితే కాదని నా నమ్మకం. కావాలంటే ఆ ఇద్దరు పిల్లల్ని అడగండి.

మార్కుల షరతు ఎంత పని చేస్తుందో తెలియాలంటే శ్రీనివాస రామానుజన్ కథ చాలు. 1904లో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో చేరినప్పుడు అతనికి స్కాలర్‌షిప్పు ఉండేది. లెక్కల పిచ్చిలో పడి మిగతా సబ్జెక్టులు వదిలేశాడు, వాటిలో తప్పాడు, స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి ఎక్కడికి వచ్చాడో తెలుసా? మన విశాఖపట్నానికి. ఆ కాలేజీవాళ్ళు రూలు ప్రకారమే నడుచుకున్నారు, ఎవర్నీ తిట్టడానికి లేదు. తర్వాత 1913లో మద్రాసు యూనివర్సిటీ, చేతిలో డిగ్రీ లేకపోయినా, నెలకు 75 రూపాయల పరిశోధక స్కాలర్‌షిప్పు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లండ్ వెళ్ళాడు. మొదటి స్కాలర్‌షిప్పు మార్కులు చూసి ఆగిపోయింది, రెండోది మనిషిని చూసి వచ్చింది.

రామానుజన్ కూడా చిన్న వయసులోనే పోయాడు, 1920లో, 32 ఏళ్ళకు. ఇప్పుడు 'శాస్త్ర' (SASTRA) అనే ప్రైవేటు యూనివర్సిటీవాళ్ళు 2005 నుంచి అతని పేరు మీద ఏటా కుంభకోణంలో గణితానికి ఒక బహుమతి ఇస్తున్నారు, పదివేల డాలర్లు. దానికి ఒక నియమం పెట్టారు. తీసుకునేవాళ్ళ వయసు 32 మించకూడదు. అతను బతికిన ఏళ్ళే హద్దు. ఇంకే వివరణా అక్కర్లేకుండా ఆ బహుమతి ఎవరిదో తెలిసిపోతుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సత్యేంద్ర దూబే జాతీయ రహదారి పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. 2003 నవంబరులో గయలో అతన్ని కాల్చి చంపారు. ఆ ఐఐటీ అతని పేరున పెట్టిన అవార్డు ర్యాంకర్లకు కాదు, ఉద్యోగంలో నిజాయితీగా నిలబడిన పూర్వ విద్యార్థులకు. పోయినవాళ్ళు ఎలా బతికారో దాంట్లోంచే నియమం తియ్యాలన్నది నా అభిప్రాయం. మీకు ఆ నియమం మీ అమ్మాయే రాసిపెట్టి వెళ్ళింది.

డబ్బున్నవాళ్ళ సంగతి వేరు. కాలిఫోర్నియాలో రైలు వ్యాపారంతో కోట్లు గడించిన స్టాన్‌ఫర్డ్ దంపతుల ఒక్కగానొక్క కొడుకు 1884లో ఇటలీలో టైఫాయిడ్‌తో పోయాడు, పదహారేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళు ఏకంగా యూనివర్సిటీయే కట్టించారు. 1891లో మొదలైంది. మన పిల్లలు సీటు కోసం కలలుగనే స్టాన్‌ఫర్డ్ పూర్తి పేరులో ఇప్పటికీ ఆ పిల్లవాడి 'జూనియర్' ఉంది. నాకు అందులో నచ్చే సంగతి ఒకటే, 1920 దాకా అక్కడ ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. అంత డబ్బున్నవాళ్ళకు కూడా మొదట తోచింది ఫీజు లేకుండా చెయ్యడమే.

ఇక మన కాలేజీకి వద్దాం.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ట్యూషన్ ఫీజు తక్కువ, దానికీ రీయింబర్స్‌మెంట్ ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు బస్సు ఖర్చు కూడా లేదు, ఆ జీరో టికెట్లు కొట్టేది మీరే కదా, నేను చెప్పాలా. అందుకే చాలామంది 'ఇంకేం కావాలి, అంతా ఫ్రీయే' అంటారు. అలా అనేవాళ్ళను సెమిస్టరు ఫీజు ఆఖరి రోజున కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర ఒక గంట నిలబెట్టాలి. పదకొండు గంటలకు వచ్చేవాళ్ళు డబ్బు తెచ్చినవాళ్ళు. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేవాళ్ళ చేతిలో ఫారం ఉంటుంది, అన్నీ నింపి ఉంటాయి, ఫోటో కూడా అంటించి ఉంటుంది. కిటికీ దాకా వచ్చి, 'సార్, లేట్ ఫీజుతో ఎప్పటిదాకా ఉంది?' అని అడిగి వెళ్ళిపోతారు. లేట్ ఫీజు గడువు కూడా అయిపోయాక కొందరు రావడం మానేస్తారు. రిజిస్టర్లో 'లాంగ్ ఆబ్సెంట్' అని రాస్తాం. తర్వాత ఒకరోజు ఎవరో చెబుతారు, ఫలానా పిల్లకు పెళ్ళయిందట మేడం అని.

ఈ ఫీజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఏదైనా సబ్జెక్టు మిగిలిపోతే దానికి మళ్ళీ వేరుగా కట్టాలి. బీఎస్సీ పిల్లలకు రికార్డులు, ల్యాబ్ కోటు, స్పెసిమెన్ బొమ్మలు గియ్యడానికి సామాను. హాస్టల్లో ఉంటే మెస్ బకాయి. ఇప్పుడు నోటిఫికేషన్ నుంచి హాల్ టికెట్ దాకా అన్నీ ఫోన్లోనే కాబట్టి రీచార్జి కూడా చదువు ఖర్చే. మూడో ఏడాది చివర పీజీ సీటు కోసం సీపీగెట్‌కో, బీఈడీ కోసం ఎడ్‌సెట్‌కో అప్లికేషన్ ఫీజు, పరీక్ష సెంటరుకు వెళ్ళిరావడం, ఒక పూట భోజనం. వీటిలో చాలావాటికి చేతి డబ్బే పెట్టుకోవాలి. ఒక్కొక్కటి చూస్తే చిన్న మొత్తాలు. చిన్నవి కాబట్టే ఇంట్లో అడగడానికి మొహమాటపడతారు, అడిగినా 'వచ్చే వారం చూద్దాం' అంటారు, గడువు ఆగదు.

కాబట్టి స్కాలర్‌షిప్ అనగానే ఏడాదికోసారి ఇచ్చే ఒక పెద్ద చెక్కును ఊహించుకోకండి. సరైన రోజున అందే చిన్న డబ్బు కావాలి. స్కాలర్‌షిప్పు ఫిబ్రవరిలో మంజూరైతే నవంబరులో కట్టాల్సిన ఫీజుకు ఏం లాభం? ప్రభుత్వ పథకాల దగ్గర తరచూ వచ్చే చిక్కు ఇదే. మీలాంటి ఒక్క మనిషి ప్రభుత్వం కంటే బాగా చెయ్యగలిగేదీ ఇదే, ఎందుకంటే మీకు ఫైలు తిరగక్కర్లేదు.

ఎవరికివ్వాలో మీరు నిర్ణయించకండి. పిల్లల చేత అప్లికేషన్లు రాయించకండి. 'మా నాన్న తాగుతాడు, మా అమ్మ కూలికి పోతుంది' అని పద్దెనిమిదేళ్ళ పిల్ల కాగితం మీద రాసి అపరిచితుడి ముందు పెట్టడం ఎంత కష్టమో కమిటీ బల్లకు అవతల కూచుని చాలాసార్లు చూశాను. వాళ్ళలో బాగా రాయగలిగిన పిల్లకే డబ్బు వస్తుంది, బాగా కష్టంలో ఉన్న పిల్లకు కాదు. మీ అమ్మాయి డిపార్టుమెంటులో ఇద్దరు లెక్చరర్లను, ఒకరైనా ఆడవాళ్ళు ఉండాలి, వాళ్ళతో పాటు ఆఫీసులో పరీక్ష ఫీజులు వసూలు చేసే అసిస్టెంటును అడగండి. ఎవరి ఫారం నిండి ఉండి డబ్బు లేక ఆగిందో ఆ అసిస్టెంటుకు తెలిసినంతగా ప్రిన్సిపాలుకు కూడా తెలియదు. ఆ ముగ్గురూ కలిసి పేర్లు చెబితే చాలు. మార్కుల షరతు వద్దు. ఒకే ఒక్క షరతు పెట్టండి, పరీక్ష రాయాలి. తప్పినా సరే, మళ్ళీ కట్టండి. ఒకసారి ఒక పిల్లకు కడితే డిగ్రీ అయ్యేదాకా ఆ పిల్లకే కట్టండి. ఏటా కొత్త ముఖాన్ని వెతికి పాత పిల్లను మధ్యలో వదిలేసే స్కాలర్‌షిప్పులు చాలా ఉన్నాయి, వాటివల్ల ఫోటోలు ఎక్కువ, డిగ్రీలు తక్కువ.

ఆ ఫోటోల సంగతి. స్టేజీ వద్దు, శాలువా వద్దు, పెద్ద సైజు అట్ట చెక్కు అసలే వద్దు. దండేసిన ఫోటో పక్కన నిలబడి డబ్బు అందుకునే పిల్ల మొహం మీరు ఒకసారి చూస్తే మళ్ళీ చెయ్యరు. అందరి ముందూ పేదరాలిగా నిలబడటం ఒక బరువు, ఇంకో అమ్మాయి చావుకు బదులుగా తనకేదో దక్కినట్టు అనిపించడం రెండో బరువు. ఈ రెండూ ఫీజు కంటే ఎక్కువ ఖరీదు. డబ్బు ఆఫీసులో జమ అవుతుంది, పిల్ల హాల్ టికెట్ తీసుకుంటుంది, అంతే. కృతజ్ఞతా లేఖలు అడగకండి. ఎవరైనా తమంతట తాము వచ్చి మీ ఇంట్లో టీ తాగి వెళితే అది వేరే సంగతి.

ఇప్పుడు లెక్క. మీ అబ్బాయి ఇంటర్ సెకండియర్ అన్నారు. ఇంకో ఏడాదిలో ఇంజనీరింగో ఫార్మసీయో డిగ్రీయో, ఏదైనా ఖర్చే, అదే సమయానికి మీ జీతం ఆగుతుంది. అక్క డబ్బు తమ్ముడికి వాడటం మీకు తప్పుగా అనిపిస్తుందేమో. నాకలా అనిపించడం లేదు. మూడు లక్షలు అతని చదువుకని పక్కన పెట్టండి, ఈ మాట మీ భార్యాభర్తల మధ్యనే ఉంచుకోండి, అతనితో 'అక్క డబ్బుతో చదువుతున్నావు' అని ఎప్పుడూ అనకండి. రిటైర్మెంటు డబ్బు కూడా దీన్లో కలపకండి, అది మీ ఇద్దరి ముసలితనానికి.

మిగిలింది ఐదు లక్షలు. వడ్డీ మాత్రమే ఖర్చుపెట్టి అసలు ముట్టకూడదనుకుంటే, ఆరున్నర శాతం చొప్పున ఏటా 32,500 వస్తాయి. ఎప్పటికీ వస్తాయి, కానీ దాని విలువ ఏటేటా కరిగిపోతుంది, ఇందాక చెప్పిన వెయ్యి రూపాయల బహుమతి లాగే. అలా కాకుండా పదేళ్ళలో అసలు కూడా ఖర్చయిపోనీ అనుకుంటే, అదే వడ్డీకి ఏటా 65,000 దాకా ఖర్చుపెట్టొచ్చు. రెండింతలు. నేనయితే రెండోదే చేస్తాను. 'శాశ్వత' అన్న మాటకు మనవాళ్ళకు మోజెక్కువ. శాశ్వత నిధి, శాశ్వత పూజ, శాశ్వత అన్నదానం. పదేళ్ళలో ఏడాదికి పదిహేను ఇరవై మంది పిల్లలు పరీక్ష హాల్లో కూచున్నారంటే అది ఏ శాశ్వత నిధికీ తీసిపోదు. పదేళ్ళ తర్వాత మీకు ఓపికుంటే, డబ్బుంటే, మళ్ళీ చూసుకోండి. లేకపోతే ఆపేయండి. ఆపితే బిడ్డను మర్చిపోయినట్టు కాదు. ఐదు లక్షలనూ ఒకే డిపాజిట్టుగా కాకుండా వేర్వేరు గడువులతో నాలుగైదు ఎఫ్‌డీలుగా వేసుకుంటే ఏటా ఒకటి చేతికొస్తుంది, మధ్యలో పగలగొట్టి వడ్డీ పోగొట్టుకోనక్కర్లేదు.

ట్రస్టు ఎందుకు వద్దన్నానంటే, ఈ మాత్రం పనికి దాని చాకిరీ ఎక్కువ. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టరు చేయించాలి, వేరే పాన్ కార్డు, వేరే ఖాతా, లెక్కలు, రిటర్నులు, పన్ను మినహాయింపు కావాలంటే ఇన్‌కం టాక్స్ వాళ్ళ దగ్గర రిజిస్ట్రేషన్, కొన్నేళ్ళకోసారి దాని రెన్యువల్. సొసైటీ అయితే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సీఏ ఫీజు ఏటా ఇచ్చుకోవాలి, అది ఎంతమంది పిల్లల పరీక్ష ఫీజో మీరే లెక్కేసుకోండి. అందరూ 80జీ, 80జీ అంటారు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా జనం నోట ఆ పేరే ఉంది. అది విరాళమిచ్చినవాళ్ళకు వచ్చే మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. కొత్త విధానంలో పన్నెండు లక్షల దాకా ఆదాయానికి పన్నే లేనప్పుడు మీకు దాంతో పనేముంది? మీ డబ్బుతో మీరు ఇంకొకరి ఫీజు కట్టడానికి ఎవరి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

మీ బామ్మర్ది మంచి మనసుతోనే అంటున్నాడు, కానీ ఇక్కడ జాగ్రత్త. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, పుట్టింది నల్లగొండలోనే అయినా, అతనిచ్చే విరాళం చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. అక్కడ ఉంటూ ఇండియన్ పాస్‌పోర్టే ఉంచుకున్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఆ పేచీ లేదు. ట్రస్టు విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ మూడేళ్ళుగా పనిచేస్తూ ఉండాలి, ఆ మూడేళ్ళలో పదిహేను లక్షలైనా తన పనుల మీద ఖర్చుపెట్టి ఉండాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ముందస్తు అనుమతి అనే ఇంకో దారి ఉంది గానీ మీ స్థాయికి అదీ భారమే. ఇవేవీ లేకుండా ఫ్రెండ్స్ దగ్గర పోగుచేసిన డాలర్లు మీ ఖాతాలో పడ్డాయంటే రిటైరైన మనిషి నోటీసులకు సమాధానాలు రాసుకుంటూ కూర్చోవాలి. అతను తన సొంత డబ్బు ఏదైనా పంపాలనుకుంటే అక్కకు తమ్ముడిగా బహుమతి పంపొచ్చు. ఏడాదికి పది లక్షల దాకా దగ్గరి బంధువులు ఇచ్చేదానికి ప్రత్యేకంగా తెలియజేయనక్కర్లేదు. అయితే మీ ఇంటామె ఖాతాకే పంపాలి, మీ ఖాతాకు కాదు. అక్కాతమ్ముళ్ళు ఆ చట్టంలో బంధువులే, బావాబామ్మర్దులు కారు. పంపేముందు ఒక సీఏను ఒక్కసారి అడగండి. అతని ఫ్రెండ్స్‌కు అంతగా ఇవ్వాలనుంటే, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఏ మంచి సంస్థకో నేరుగా ఇచ్చుకోమని చెప్పండి.

మీ అన్నదమ్ముల మాట గురించి ఎక్కువ రాయను. మీ అమ్మాయి ఆ ఇద్దరికి ఫీజు కట్టినప్పుడు కులం అడిగిందా? మీరూ అడగొద్దు. వాళ్ళు గట్టిగా పట్టుబడితే, ఫలానా కులానికే అని రాసుకున్న ట్రస్టుకు సాధారణంగా 80జీ కూడా రాదని చెప్పండి. కొందరికి న్యాయం కంటే సెక్షను తొందరగా ఎక్కుతుంది.

మీ ఇంటామె సంగతి అన్నిటికంటే ముఖ్యం, అందుకే తీరిగ్గా రాద్దామని ఇక్కడిదాకా ఆగాను. ఆమె స్కాలర్‌షిప్పుకు అడ్డుపడటం లేదు, స్టేజీ మీద పేరు వినలేనంటోంది. ఈ రెండూ వేరు. నేను చెప్పిన పద్ధతిలో స్టేజీయే లేదు. పేరు కూడా ఇప్పుడే పెట్టనక్కర్లేదు. మొదటి ఏడాది పేరు లేకుండానే నడపండి. ఆఫీసువాళ్ళకు తెలిస్తే చాలు. ఆమెకు ఎప్పుడు సరే అనిపిస్తే అప్పుడు పెట్టుకుందురు, ఎప్పటికీ అనిపించకపోయినా నష్టం లేదు. అన్నదానం కూడా మాన్పించకండి. బిడ్డ పుట్టినరోజునో సంవత్సరీకం నాడో ఒక పూట గుడిలో పెట్టించండి, ఆ ఏర్పాటంతా ఆమె చేతుల మీదుగానే జరగనివ్వండి. ఫీజు కట్టడం గొప్ప, అన్నం పెట్టడం తక్కువ అనే వాదన ఇంట్లో అస్సలు పెట్టకండి. ఇద్దరూ ఒకే బిడ్డ కోసం చెరో పని చేస్తున్నారు.

ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆమె నిద్రపోతోందా, వేళకు తింటోందా? మీరు? రోజుల తరబడి తిండీ నిద్రా లేకుండా, ఇంట్లోంచి బయటికి రాకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం వాళ్ళ టెలిమానస్ అని ఒక ఫోన్ సర్వీసు ఉంది, నంబరు 14416, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఉచితం.

ఇక మొదలుపెట్టడానికి సంవత్సరీకం దాకా ఆగక్కర్లేదు, అట్లని రేపే ఐదు లక్షలు తీసుకెళ్ళి ఎవరి చేతిలోనూ పెట్టక్కర్లేదు. వచ్చే సెమిస్టరు పరీక్ష ఫీజు నోటిఫికేషన్ వచ్చినప్పుడు కాలేజీకి వెళ్ళి, ఎంతమంది ఆగిపోయారో కనుక్కుని, ఈ ఒక్కసారికి మీ జేబులోంచి కట్టండి. మీ ఇద్దరికీ అది ఎలా ఉందో చూసుకోండి. కాలేజీ గేటు దాకా వెళ్ళడమే కష్టమైతే ఆ లెక్చరరును బస్టాండుకే రమ్మనండి, వస్తారు. రెండు సెమిస్టర్లు ఇలా నడిచాక, కుదురుగా ఉందనిపిస్తే, ఒక తెల్లకాగితం మీద ప్రిన్సిపాలుకు రాసివ్వండి: ఏడాదికి ఎంత, దేనికి, పేర్లు ఎవరు చెబుతారు, ఎప్పటిదాకా. మీరు, ప్రిన్సిపాలు, ఆ ఇద్దరు లెక్చరర్లు సంతకాలు పెట్టండి. ప్రిన్సిపాళ్ళు బదిలీ అవుతారు, కాగితం ఉంటే కొత్తగా వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోనక్కర్లేదు. డబ్బు చేతికివ్వకుండా కాలేజీ ఖాతాకే వెయ్యండి, రసీదు తీసుకోండి. కండక్టరు పని చేసినవారికి లెక్క ఎలా రాసుకోవాలో నేను చెప్పేదేముంది.

ఎఫ్‌డీలకు నామినీగా మీ ఇంటామెను పెట్టండి. అబ్బాయి డిగ్రీ పూర్తయ్యేదాకా ఈ స్కాలర్‌షిప్ పనులేవీ అతని మీద వెయ్యకండి. ఆ తర్వాత తనంతట తను అడిగితే రసీదుల ఫైలు ఇవ్వండి.